తమ్ముడి మీద 324 కేసు: జైలు కాకుండా ఏ దారి ఉంది, లాయరుకు ఎంత ఇవ్వాలి?

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఇదే పరిస్థితిలో ఉన్న వేరేవాళ్లకూ అర్థం కావాలి కాబట్టి ముందు మీ కేసు క్లుప్తంగా చెబుతాను. 2023 భోగి రాత్రి మీ వీధిలో మంట దగ్గర మాటా మాటా పెరిగి, మీ తమ్ముడు ఎదురింటి అబ్బాయిని ఇనుప రాడ్డుతో కొట్టాడని కేసు. ఆ అబ్బాయి చేతికి ఆరు కుట్లు పడ్డాయి, ఎముక విరగలేదు. అప్పటికి మీ తమ్ముడికి 20 ఏళ్లు, ఇప్పుడు 23. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తాగా చేస్తున్నాడు. వేరే కేసులేమీ లేవు. సాక్షుల విచారణ అయిపోయి, కేసు వాదనలకు వచ్చింది. పాత లాయరుగారు ఆరోగ్యం బాగోక కేసు వదులుకున్నారు. కొత్తగా అడిగినవాళ్లలో ఒకరు 60 వేలు అన్నారు. ఇంకొకరు లక్షన్నర ఇస్తే జైలు లేకుండా చూసే పూచీ నాది అన్నారు. మీ నాన్నగారు ఆటో నడుపుతారు, అమ్మగారికి వారానికి రెండుసార్లు డయాలసిస్. జైలుకు బదులు వేరే శిక్ష ఉందా, ఈ ఫీజుల్లో ఏది న్యాయం అని అడిగారు.

నేను గుంటూరులో జూనియర్‌గా మొదలుపెట్టి, తర్వాత విజయవాడ వచ్చి, మొత్తం 28 ఏళ్లుగా క్రిమినల్ కేసులే చూస్తున్నాను. ముందు మీ టెన్షన్ కొంత తగ్గే మాట చెబుతాను. జైలు కాకుండా దారి ఉంది. మీ తమ్ముడి లాంటివాళ్ల కోసమే 1958లో ప్రొబేషన్ చట్టం చేశారు. ప్రొబేషన్ అంటే, నేరం రుజువైనా జైలుకు పంపకుండా, మంచిగా నడుచుకోవాలన్న షరతు మీద వదిలేయడం. అయితే అది దానంతట అది రాదు. అడగాలి, అడిగే ముందు కాగితాలు సిద్ధం చేసుకోవాలి. ఇన్నేళ్లలో నేను చూసిందేమిటంటే, కుటుంబాలు ఉన్న డబ్బంతా అరెస్టు, బెయిలు దగ్గరే ఖర్చు పెట్టేస్తాయి. మూడేళ్ల తర్వాత తీర్పు రోజు వచ్చేసరికి చేతిలో డబ్బూ ఉండదు, కాగితమూ ఉండదు. నిజానికి మనిషి జీవితం మలుపు తిరిగేది ఆ రోజే. అందుకే మీ డబ్బు, మీ ఓపిక ఇప్పటినుంచి తీర్పు రోజు వైపు మళ్లించండి.

ముందు మీ కేసుకు ఏ చట్టం వర్తిస్తుందో తేల్చుకుందాం, ఎందుకంటే మీకు ఇద్దరు లాయర్లు రెండు రకాలుగా చెప్పారన్నారు. పాత భారత శిక్షాస్మృతి (ఐపీసీ) స్థానంలో భారతీయ న్యాయ సంహిత 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చింది. మీ సంఘటన జరిగింది 2023లో. కాబట్టి నేరం పాత ఐపీసీ కిందే, అంటే ప్రమాదకరమైన ఆయుధంతో గాయపరచడానికి సంబంధించిన సెక్షన్ 324 కిందే ఉంటుంది. దానికి గరిష్ఠంగా మూడేళ్ల జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. కనీసం ఇంత వేసి తీరాలన్న నిబంధన లేదు. ఇది మీకు చాలా ముఖ్యమైన సంగతి. కనీస శిక్ష లేని సెక్షన్‌లో మెజిస్ట్రేటు చేతులు కట్టేసి ఉండవు. కేవలం జరిమానాతోనే ముగించవచ్చు కూడా.

కొత్త చట్టంలో సమాజ సేవ శిక్ష పెట్టారు కదా, అది అడగొచ్చా అని మీరు రాశారు. అడగలేరు. ఆ శిక్షను కొత్త చట్టం కొద్ది నేరాలకే పెట్టింది. తాగి నలుగురిలో గొడవ చేయడం, పరువు నష్టం, మొదటిసారి 5,000 రూపాయల లోపు దొంగతనం చేసి ఆ సొత్తు తిరిగి ఇచ్చేయడం, ఇలాంటివి. ఆయుధంతో గాయపరచడం ఆ జాబితాలో లేదు. కాబట్టి పేపర్లో చదివి దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

మీకు పనికొచ్చేది ప్రొబేషన్ చట్టం. అందులో రెండు మెట్లున్నాయి. సెక్షన్ 3 కింద మందలించి వదిలేయవచ్చు. అది కొన్ని దొంగతనం, మోసం నేరాలకూ, రెండేళ్లకు మించని శిక్ష ఉన్న నేరాలకూ మాత్రమే. 324కి మూడేళ్లుంది కాబట్టి మీకు రాదు. సెక్షన్ 4 మీది. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలు కాకపోతే, నేరం తీరు, మనిషి నడవడి, పరిస్థితులు చూసి కోర్టు శిక్ష వెయ్యకుండా బాండు మీద వదిలేయవచ్చు. ఆ గడువు మూడేళ్లకు మించదు. ఆ కాలంలో మంచిగా నడుచుకోవాలి, కోర్టు పిలిస్తే వచ్చి శిక్ష తీసుకోవడానికి సిద్ధంగా ఉండాలి. దీనికి ఒక షరతు ఉంది. అతనికి గానీ జామీనుదారుకు గానీ స్థిరమైన నివాసమో, క్రమం తప్పని పనో ఆ కోర్టు పరిధిలో ఉండాలి. మీ తమ్ముడికి రెండూ ఉన్నాయి. అవసరం అనుకుంటే కోర్టు ప్రొబేషన్ ఆఫీసర్ పర్యవేక్షణలో పెడుతుంది. ఆ పర్యవేక్షణ కనీసం ఏడాది ఉంటుంది.

21 ఏళ్ల లోపు వాళ్లకు ఈ చట్టంలో ఇంకా గట్టి రక్షణ ఉంది. సెక్షన్ 6 ప్రకారం వాళ్లను జైలుకు పంపాలంటే ప్రొబేషన్ ఎందుకు కుదరదో కోర్టు కారణాలు రాయాలి, ఆఫీసర్ నివేదిక తెప్పించుకోవాలి. సంఘటన నాటికి తమ్ముడికి 20 ఏళ్లే కదా అని మీరు దీనిమీద చాలా నమ్మకం పెట్టుకున్నట్టున్నారు. చూడాల్సింది నేరం జరిగిన రోజు వయసు కాదు, ట్రయల్ కోర్టు అతణ్ణి దోషిగా తేల్చి శిక్ష విషయం చూసే రోజు వయసు అని సుప్రీంకోర్టు 1960లలోనే చెప్పింది. కాబట్టి సెక్షన్ 6 మీకు దొరకదు. అయినా 20 ఏళ్ల వయసులో ఆవేశంలో జరిగిందన్నది సెక్షన్ 4 కింద బలమైన మాటే. లాయరు దాన్ని అలాగే చెప్పాలి. లేని హక్కు ఉన్నట్టు వాదిస్తే ఉన్న వాదన కూడా పలచనవుతుంది.

ఇక తీర్పు రోజు కోర్టులో ఏం జరుగుతుందో చెబుతాను, ఎందుకంటే ఇది చూడనివాళ్లకు ఊహకు అందదు. మెజిస్ట్రేటు 'నేరం రుజువైంది' అని చెబుతారు. వెంటనే, లేదా మధ్యాహ్నం భోజనం తర్వాత, ముద్దాయిని పిలిచి 'శిక్ష గురించి ఏమైనా చెప్పుకుంటావా' అని అడుగుతారు. మీది వారంటు విచారణ కేసు, అంటే రెండేళ్లకు మించి జైలు పడగల కేసు, కాబట్టి అలా అడగడం చట్టం పెట్టిన బాధ్యత. ఆ క్షణంలో కుర్రాడికి కాళ్లు వణుకుతుంటాయి. 'అమ్మానాన్నలు నా మీదే ఆధారపడి ఉన్నారు సార్, దయ చూపండి సార్' అంటాడు. అది రెండు వాక్యాల్లో రికార్డు అవుతుంది. అంతటితో అయిపోతుంది. పక్కన లాయరు చేతులు కట్టుకుని నిలబడితే, మెజిస్ట్రేటు ముందు ఉన్నది ఆ రెండు వాక్యాలూ, గాయం మీద డాక్టరు ఇచ్చిన సర్టిఫికెట్టూ మాత్రమే.

నేను జూనియర్‌గా ఉన్న రోజుల్లో మంగళగిరి దగ్గర ఒక పల్లెటూరి కుర్రాడి కేసు ఇలాగే పోయింది. నీటి తూము దగ్గర గొడవ. మా సీనియర్ ఆ రోజు వేరే ఊళ్లో ఉన్నారు, నేను నిలబడ్డాను. కోర్టు తప్పకుండా కేసు కొట్టేస్తుందన్న ధీమాతో ఆయన ఉన్నారు, నేనూ అదే నమ్మాను. శిక్ష మీద అడిగినప్పుడు ప్రొబేషన్ అన్న మాట నా నోటినుంచి రాలేదు. ఆరు నెలలు వేశారు. అప్పీలు వేసి, శిక్ష నిలుపుదల చేయించి, చివరికి సెషన్స్ కోర్టులో ప్రొబేషన్ అడిగితే, అక్కడ పది నిమిషాల్లో ఇచ్చారు. అప్పటికి ఏడాదిన్నర గడిచింది, వాళ్ల నాన్న అప్పీలు ఖర్చుకు గేదెను అమ్ముకున్నాడు. నేను ఆ ఒక్క మాట మొదటి రోజే అని ఉంటే ఆ గేదె వాళ్ల కొట్టంలోనే ఉండేది. అప్పటినుంచి ఏ కేసులోనైనా వాదనలకు ముందే శిక్షకు సంబంధించిన కాగితాల కట్ట వేరే తయారు చేసుకుంటాను.

ఇక్కడ చాలామందికి ఒక భయం ఉంటుంది. ప్రొబేషన్ కాగితాలు ముందే సిద్ధం చేస్తే తప్పు ఒప్పుకున్నట్టు అవుతుందేమో అని. కాదమ్మా. ఆ కట్ట లాయరు సంచీలోనే ఉంటుంది. వాదనల్లో మీ తమ్ముడు నిర్దోషి అనే వాదిస్తారు. కేసు కొట్టేస్తే ఆ కట్ట ఇంటికి తెచ్చేసుకోండి. నేరం రుజువైందన్న మాట వచ్చాకే అది బయటికి తీస్తారు. అప్పుడు నోటిమాటగా కాకుండా పిటిషన్‌గా వెయ్యమనండి. ప్రొబేషన్ ఆఫీసర్ నివేదిక తెప్పించి, అది వచ్చేదాకా శిక్ష విషయం వాయిదా వెయ్యమని అందులో అడగాలి. ప్రొబేషన్ ఇవ్వదగిన కేసులో ఇవ్వకపోతే ప్రత్యేక కారణాలు తీర్పులో రాయాలని పాత నేర విచారణ స్మృతి సెక్షన్ 361 చెబుతుంది. మీ విచారణ 2024 జూలైకి ముందే మొదలైంది కాబట్టి ఆ పాత స్మృతే వర్తిస్తుంది. రాతపూర్వకంగా అడిగితే జవాబు కూడా రాతపూర్వకంగా రావాలి. అప్పీల్లో మీకు అదే ఆధారం.

ప్రొబేషన్ ఆఫీసర్ విచారణ ఎలా ఉంటుందని అడుగుతారేమో. ఆఫీసర్ ఇంటికి రావచ్చు, మీ తమ్ముణ్ణి పిలిపించుకోవచ్చు, ఇరుగుపొరుగును అడగవచ్చు, యార్డులో యజమానిని అడగవచ్చు. నాటకాలు వద్దు. గొడవ జరగలేదని, మావాడు చీమకు కూడా హాని చెయ్యడని పాఠం అప్పజెప్పినట్టు చెబితే ఇరవై ఏళ్లుగా ఇళ్లు తిరుగుతున్న ఆఫీసర్‌కు ఇట్టే తెలిసిపోతుంది. ఎన్ని గంటలకు పనికి వెళ్తాడు, జీతం ఇంట్లో ఇస్తాడా, అమ్మను డయాలసిస్‌కు ఎవరు తీసుకెళ్తారు, ఆ భోగి తర్వాత ఆ అబ్బాయితో ఎలా ఉంటున్నాడు, ఇవి ఉన్నవి ఉన్నట్టు చెప్పండి. తాగుడు అలవాటు ఉండి మానేస్తే, అది కూడా దాచకండి. మానేశాడన్నది మంచి మాటే.

దెబ్బ తిన్న అబ్బాయి సంగతి కూడా ఆలోచించండి. మీ ప్రశ్నలో అతని గురించి ఒక్క వాక్యమే ఉంది, అది నాకు వెలితిగా అనిపించింది. ఆరు కుట్లు పడి ఎన్నో రోజులు పనికి వెళ్లి ఉండడు. ప్రొబేషన్ చట్టం సెక్షన్ 5 కింద కోర్టు అతనికి పరిహారం, ఖర్చులు ఇప్పించవచ్చు. కోర్టు చెప్పేదాకా ఆగకుండా, మేము ఇంత ఇవ్వడానికి సిద్ధం అని పిటిషన్‌లోనే రాయిస్తే దాని బరువు వేరు. అతని సాక్ష్యం అయిపోయింది కాబట్టి పెద్దమనుషుల ద్వారా మాట్లాడవచ్చు. మీ తమ్ముడు మాత్రం ఒంటరిగా వాళ్లింటికి వెళ్లకూడదు. బెదిరించాడని ఒక్క ఫిర్యాదు వస్తే బెయిలు రద్దు దాకా వెళ్తుంది, నడవడి బాగుందన్న వాదన కూడా పోతుంది.

రాజీ పడితే కేసు అక్కడితో అయిపోతుందా? 324లో మెజిస్ట్రేటు దగ్గర అవ్వదు. వింతగా అనిపిస్తుంది గానీ, ఎముక విరిగిన 325 కేసు కోర్టు అనుమతితో రాజీ చేసుకోవచ్చు, 324 మాత్రం రాజీ జాబితాలో లేదు. ఇద్దరూ కలిసి నేలపాడులో హైకోర్టుకు వెళ్లి కేసు కొట్టెయ్యమని అడగాలి. ఇలాంటి వ్యక్తిగత గొడవల్లో రాజీ ఆధారంగా హైకోర్టు కొట్టెయ్యవచ్చని 2012లో జ్ఞాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ దానికి వేరే ఫీజు, వేరే తిరుగుడు. ఆ అబ్బాయి మనస్ఫూర్తిగా ఒప్పుకుంటేనే ఆ దారి పట్టండి. హైకోర్టుకు వెళ్లకపోయినా, రాజీ పడ్డామన్న మెమో మెజిస్ట్రేటు ముందు పెడితే శిక్ష తగ్గించడానికి పనికొస్తుంది.

ప్లీ బార్గెయినింగ్, అంటే నేరం ఒప్పుకుని తక్కువ శిక్షకు ఒప్పందం కుదుర్చుకోవడం, 2006 నుంచి మన చట్టంలో ఉంది. ఏడేళ్లకు మించని శిక్ష ఉన్న చాలా కేసుల్లో కుదురుతుంది, ఆడవాళ్ల మీద, పిల్లల మీద నేరాల్లో కుదరదు. మీ కేసు వాదనలకు వచ్చేసింది కాబట్టి ఇప్పుడు దానికి అర్థం లేదు. కానీ 2024 జూలై తర్వాత పడ్డ కేసులున్నవాళ్లు గుర్తుపెట్టుకోవాలి. కోర్టు అభియోగం నమోదు చేసిన 30 రోజుల్లోపే దరఖాస్తు పెట్టుకోవాలి. ఆ మొదటి నెలలో లాయరుతో కూర్చుని మాట్లాడకపోతే ఆ తలుపు మూసుకుపోతుంది.

ఇంకో విషయం. మీరు ఇది చదివి మీ బంధువుల్లో ఎవరికైనా చెబుతారు కాబట్టి రాస్తున్నాను. ప్రొబేషన్ అన్ని కేసుల్లోనూ రాదు. నిర్లక్ష్యంగా బండి నడిపి ప్రాణం తీసిన కేసుల్లో ప్రొబేషన్ ఉదారంగా ఇవ్వకూడదని 2000లో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. గంజాయి కేసుల్లో దాదాపు లేదు. గంజాయి రవాణాలో కిరాయికి డ్రైవరుగా వెళ్లి దొరికిన కుర్రాళ్ల తల్లులు 'మొదటి తప్పు కదా సార్' అని నా ఆఫీసుకు వస్తారు. ఆ మాట అక్కడ చెల్లదని వాళ్లకు చెప్పడం నాకు ప్రతిసారీ కష్టంగానే ఉంటుంది.

తమ్ముడు కానిస్టేబుల్ పరీక్ష రాస్తే ఈ కేసు అడ్డొస్తుందా అని కూడా అడిగారు. ప్రొబేషన్ చట్టం సెక్షన్ 12 ప్రకారం, సెక్షన్ 4 కింద వదిలేసిన మనిషికి శిక్ష పడినందువల్ల వచ్చే అనర్హత అంటదు. అలాగని నేరం రుజువైందన్న సంగతి చెరిగిపోదు. పోలీసు ఉద్యోగంలో నడవడి విచారణ చేస్తారు, వాళ్లు తమ నిర్ణయం తాము తీసుకుంటారు. ఉద్యోగానికి ముందు మన వివరాలు రాసిచ్చే అటెస్టేషన్ ఫారంలో కేసు ఉందా అన్న చోట లేదు అని మాత్రం రాయనివ్వకండి. కేసు వల్ల పోని ఉద్యోగాలు కూడా దాచినందువల్ల పోతాయి.

ఇప్పుడు ఫీజు. క్రిమినల్ కేసుకు లాయరు ఇంత తీసుకోవాలని ధరల పట్టీ ఎక్కడా లేదు. కోర్టుకు కట్టేవి, వకాల్తా స్టాంపులు, కాపీల ఖర్చు, చాలా తక్కువ. మీరు ఇచ్చేదంతా లాయరు సమయానికీ, అనుభవానికీ. కాబట్టి 60 వేలు ఎక్కువా తక్కువా అన్నది ఆ అంకె చూసి చెప్పలేం. దానికి ఏం పని చేస్తారో అడగాలి. మీ కేసులో మిగిలిన పని ఇది: సాక్షుల వాంగ్మూలాలన్నీ చదవడం, వాదించడం, రాతపూర్వక వాదనలు ఇవ్వడం, శిక్ష పడే పరిస్థితి వస్తే ప్రొబేషన్ పిటిషన్ వేసి దాని మీద వాదించడం, ఒకవేళ జైలు వేస్తే అదే రోజు శిక్ష నిలుపుదల పిటిషన్ వెయ్యడం. ఇవన్నీ ఆ 60 వేలల్లో ఉన్నాయా, అప్పీలు వేరా, వాదనలకు తనే నిలబడతారా, జూనియర్‌ను పంపుతారా అని ముఖం మీదే అడగండి. అడిగితే కోపం తెచ్చుకునే లాయరు దగ్గర మీరు తీర్పు రోజు దాకా నిలవలేరు.

నేనైతే ఈ దశలో వచ్చిన కేసుకు ఫీజు మూడు ముక్కలు చేస్తాను. వాదనలు మొదలుపెట్టే ముందు కొంత, వాదనలు పూర్తయ్యాక కొంత, శిక్ష విచారణ జరిగితేనే మిగిలింది. కేసు కొట్టేస్తే ఆ మూడో ముక్క తీసుకోను, ఎందుకంటే ఆ పని నేను చెయ్యలేదు. ఇది గెలుపు మీద పెట్టిన ఫీజు కాదు, చేసిన పనికి ఫీజు. మీరూ ఇలా దశలవారీగా అడగండి. మొత్తం ఒకేసారి ఇవ్వకండి. ఫోన్‌పేలోనో చెక్కుతోనో ఇవ్వండి, చేతికి నగదు ఇస్తే రసీదు అడగండి. క్లయింటు డబ్బుకు లెక్క రాసి ఉంచడం లాయరుకు బార్ కౌన్సిల్ నియమాలు పెట్టిన బాధ్యత, రసీదు అడగడం అవమానం కాదు.

లక్షన్నర పూచీ ఇచ్చినాయన దగ్గరికి వెళ్లకండి. ఇది నా గట్టి మాట. ఫలితాన్ని బట్టి ఫీజు మాట్లాడుకోకూడదని బార్ కౌన్సిల్ నియమం ఉంది. అంతకన్నా ముఖ్యం, తీర్పు మెజిస్ట్రేటు చేతిలో ఉంటుంది, దానికి పూచీ పడే శక్తి ఏ లాయరుకూ లేదు. పైగా ఆ డబ్బులో కొంత 'లోపల' ఇవ్వాలన్నారని మీరు రాశారు. ఆ మాట అన్న మనిషి మీ భయాన్ని అమ్ముకుంటున్నాడు. ప్రొబేషన్ వచ్చే అవకాశమున్న కేసు కాబట్టి అది వస్తే తన వల్లే వచ్చిందంటాడు, రాకపోతే ఫోన్ ఎత్తడు. ఇలా అప్పుచేసి ఇచ్చి, వడ్డీలు కట్టలేక ఇల్లు ఖాళీ చేసినవాళ్లు నాకు తెలుసు.

ఇక అసలు డబ్బు పెట్టకుండా అయ్యే దారి. గుంటూరు జిల్లా కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం సెక్షన్ 12 ప్రకారం ఎస్సీ, ఎస్టీ, ఆడవాళ్లు, పిల్లలు, దివ్యాంగులు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. మిగతావాళ్లకు సంవత్సర ఆదాయం ప్రభుత్వం పెట్టిన పరిమితి లోపు ఉండాలి. మీ నాన్నగారు ఆటో మీద, తమ్ముడు గుమాస్తా జీతం మీద బతుకుతున్నారు కాబట్టి తప్పకుండా అడిగి చూడాల్సిందే. తెల్ల కాగితం మీద దరఖాస్తు రాసి, ఆధార్, ఆదాయ ధ్రువపత్రం, కేసు నంబరు ఇస్తే చాలు. 15100కి ఫోన్ చేసినా దారి చెబుతారు. ఉచిత లాయరు అంటే పట్టించుకోరని మన జనంలో ఒక అభిప్రాయం ఉంది. ఒకప్పుడు అందులో కొంత నిజం ఉండేది. 2022 నుంచి లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సిల్ అనే పద్ధతి తెచ్చారు. ముద్దాయిల తరఫున నిలబడడమే వాళ్ల పూర్తికాల ఉద్యోగం, జీతం ఇస్తారు, బయట కేసులు చేసుకోకూడదు. వాళ్లలో రాత్రి కూర్చుని కేసు కట్ట చదివే కుర్రవాళ్లను నేను చూశాను. మీ దగ్గర ఒక్క రూపాయి తీసుకోకూడదు, ఎవరైనా అడిగితే అదే ఆఫీసులో ఫిర్యాదు చెయ్యండి.

ఎవరిని పెట్టుకున్నా, ఒక చిన్న పరీక్ష పెట్టండి. కేసు కాగితాలు ఇచ్చి రెండు రోజులాగి వెళ్లండి. గాయం పొడవు ఎంతని డాక్టరు చెప్పాడో, ఆ రాడ్డు ఎవరి చేతిలో చూశామని సాక్షులు చెప్పారో చూసుకోకుండా మాట్లాడితే ఆయన ఇంకా కట్ట విప్పలేదన్నమాట. అలాగే ఫీజు కన్నా ముందు మీ తమ్ముడి పని గురించి, ఇంటి గురించి అడిగిన లాయరు ఉంటే ఆయనకు నేను ఎక్కువ మార్కులు వేస్తాను. శిక్ష రోజున చెప్పాల్సిన కథ ఆయనకు ముందే పట్టింది.

పాత లాయరుగారి దగ్గర కట్ట ఉంటే మర్యాదగా వెళ్లి తెచ్చుకోండి. కొత్త వకాల్తా మీద ఆయనతో అభ్యంతరం లేదని సంతకం పెట్టించుకోవాలి. ఫీజు బాకీ ఉందని కాగితాలు ఆపే హక్కు లాయరుకు లేదని సుప్రీంకోర్టు 2000లో చెప్పింది, కానీ ఆ మాట వాడాల్సిన అవసరం చాలాసార్లు రాదు. ఆరోగ్యం బాగోలేని మనిషి, నాలుగు బత్తాయిలు తీసుకెళ్లి పలకరించండి, కేసు గురించి ఆయనకు తెలిసింది కూడా చెబుతారు.

ఒకవేళ ప్రొబేషన్ ఇవ్వకుండా జైలు శిక్ష వేస్తే? అప్పుడూ ఆ సాయంత్రమే జైలుకు వెళ్లాల్సిన పని లేదు. బెయిలు మీద ఉన్న మనిషికి మూడేళ్లకు మించని శిక్ష పడి, అప్పీలుకు వెళ్తామని చెబితే, ప్రత్యేక కారణాలు ఉంటే తప్ప అదే మెజిస్ట్రేటు శిక్షను నిలుపుదల చేసి బెయిలు ఇస్తారు. దానికి జామీనుదారులు అక్కడే ఉండాలి. తీర్పు కాపీ ముద్దాయికి ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి. సెషన్స్ కోర్టులో అప్పీలుకు 30 రోజుల గడువు. ప్రొబేషన్ చట్టం సెక్షన్ 11 ప్రకారం అప్పీలు కోర్టు కూడా ప్రొబేషన్ ఇవ్వవచ్చు. నా మంగళగిరి కుర్రాడికి వచ్చింది అలాగే.

ఇక ఈ వారంలో చెయ్యాల్సినవి. యార్డులో యజమానితో, ఎప్పటినుంచి పని చేస్తున్నాడో, ఎలా ఉంటాడో, తర్వాత కూడా పనిలో ఉంచుకుంటానని కొట్టు లెటర్‌హెడ్ మీద రాయించండి. ఆయనకు కేసు సంగతి తెలియకపోతే ముందే మీరే చెప్పండి, ప్రొబేషన్ ఆఫీసర్ నోటినుంచి మొదటిసారి వినకూడదు. తమ్ముడి పదో తరగతి, ఇంటర్ సర్టిఫికెట్లు, ఆధార్, రేషన్ కార్డు తీసిపెట్టండి. అమ్మగారి డయాలసిస్ చీటీలు, ఏ రోజుల్లో ఎవరు తీసుకెళ్తున్నారో తెలిసేలా, తేదీల వారీగా పెట్టండి. అది అన్నిటికన్నా బలమైన కాగితం. తీర్పు తేదీ పడ్డాక, ఆ రోజు ఇద్దరు జామీనుదారులు ఇంటి పన్ను రసీదులు, ఆధార్ ఒరిజినల్స్‌తో ఉదయం పదిన్నరకల్లా కోర్టు దగ్గర ఉండాలి. జరిమానా కట్టడానికి కొంత నగదు మీ దగ్గర ఉంచుకోండి. అన్నీ రెండు సెట్లు జిరాక్స్ తీయించి, ఒకటి లాయరుకు ఇచ్చి, రెండోది మీ సంచీలోనే పెట్టుకోండి.